పాత సిస్టమ్, కొత్త పెన్‌డ్రైవ్: ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ‘నో’ నొక్కండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఇంట్లోనో షాపులోనో పదిహేను ఇరవై ఏళ్ల నాటి సిస్టమ్ ఉంది, పని బాగానే చేస్తోంది, పెన్‌డ్రైవ్ పెడితే మాత్రం మొరాయిస్తోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేశాను. 1999లో గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ ఆపరేటర్‌గా చేరిన రోజు నుంచి ఫ్లాపీలు, సీడీలు, పెన్‌డ్రైవ్‌ల మధ్యే నా బతుకు సాగింది. పాత సిస్టమ్‌ను పారేయమని నేను ఎవరికీ చెప్పను. దాని మీద ఇంకా ఎవరో కూర్చుని పనిచేసుకుంటున్నారంటే అది విలువైన వస్తువే.

జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. స్క్రీన్ మీద ఫార్మాట్ (అంటే డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయడం) అన్న పదం కనబడితే కంగారుపడి ‘ఎస్’ నొక్కకండి. ‘నో’ నొక్కి, పెన్‌డ్రైవ్ తీసి, పక్కన పెట్టి, తర్వాత ఆలోచించండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మొదటి జవాబులోనే తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. 2004లో కొన్న పెంటియం 4 సిస్టమ్, విండోస్ ఎక్స్‌పీ. పేజీలు తీర్చిదిద్దే పేజ్‌మేకర్, తెలుగు టైప్ చేసే అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి. పెళ్లికార్డులు, కరపత్రాలు అన్నీ దాని మీదే చేస్తాను. మొన్న కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా తెరుచుకుంటోంది. నా సిస్టమ్‌లో పెడితే ‘డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటారా’ అని అడుగుతోంది. పెన్‌డ్రైవ్ పాడైందా, సిస్టమ్ పాడైందా?
– ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి తమ్ముడూ. పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో రాసి ఉంచే పద్ధతి ఒకటి ఉంటుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ అంటారు. ఊళ్లో ఏ సర్వే నంబరు పొలం ఎవరిదో అడంగల్‌లో రాసినట్టు అన్నమాట. ఆ అడంగల్ చదవడం రాని మనిషి ఊరంతా బంజరు అనుకుంటాడు. నీ ఎక్స్‌పీ కూడా ఇప్పుడు అదే అనుకుంటోంది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఉన్నాయి, కానీ దానికి ఖాళీగా కనబడుతోంది. అందుకే ఫార్మాట్ చేయనా అని అడుగుతోంది.

ఇప్పుడొచ్చే 64 జీబీ, అంతకు మించిన పెన్‌డ్రైవ్‌లలో చాలావాటిని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో తయారుచేసి ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2006లో తెచ్చింది. ఎక్స్‌పీ వచ్చింది 2001లో. కాబట్టి పుట్టుకతో దానికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. ఖాయం చేసుకోవడానికి మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. ఫైల్ సిస్టమ్ అన్న చోట ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటే కారణం అదే.

నీకు మూడు దారులున్నాయి. నీ షాపుకైతే నేను మొదటిదే చెబుతాను. ఒక 8 జీబీదో 16 జీబీదో చిన్న పెన్‌డ్రైవ్ తీసుకుని, ఎక్స్‌పీకి తెలిసిన ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంచి, దాన్ని నీ పాత సిస్టమ్‌కే కేటాయించు. పెళ్లికార్డు ఫైల్ ఎంతుంటుంది? పది ఎంబీ, బొమ్మలు పెడితే వంద ఎంబీ. 64 జీబీతో నీకు పనే లేదు.

రెండో దారి, ఆ కొత్త పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి పెట్టుకున్నాక, ల్యాప్‌టాప్‌లోనే దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతిలోకి ఫార్మాట్ చేయడం. ఎక్స్‌పీ దాన్ని హాయిగా చదువుతుంది. ఇక్కడ ఫ్యాట్32 ఎందుకు చెప్పలేదంటే, 32 జీబీ దాటిన డ్రైవ్‌కు మామూలు ఫార్మాట్ పెట్టెలో విండోస్ ఆ వీలు ఇవ్వదు. అయితే ఎన్‌టీఎఫ్ఎస్ చేశాక సేఫ్లీ రిమూవ్ కొట్టకుండా ఎప్పుడూ లాగకు. ప్రెస్ వాళ్ల దగ్గర విండోస్ 98 సిస్టమ్ ఉంటే అది ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదవలేదు, అదీ ముందే అడుగు.

మూడోది, ఎక్స్‌పీకి ఎక్స్‌ఫ్యాట్ నేర్పడం. 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ దీనికోసం ఒక అప్‌డేట్ ఇచ్చింది, దాని నంబరు కేబీ 955704. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పెద్ద అప్‌డేట్) 2 గానీ 3 గానీ ఉంటేనే ఎక్కుతుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి నీ సిస్టమ్‌ను నెట్‌కు కలపకు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇంకా దొరికితే ల్యాప్‌టాప్‌లో దింపుకుని, చిన్న పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించు.

ఇక ఆ ‘నో’ సంగతి. 2008లో నా షాపుకు డిగ్రీ చదివే ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ తెచ్చింది. వాళ్ల నాయనమ్మ పాడే పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు కూర్చోబెట్టి చెప్పించుకుని టైప్ చేసింది. అరవై పేజీలు. వాటితో పాటు ఇంట్లో ఫొటోలు. పుస్తకంలా ప్రింట్ తీసివ్వమంది. ఆ రోజు నేను కూర్చున్నది 98 సిస్టమ్ మీద. ఆమె పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంది. ఫార్మాట్ అడిగింది. దుకాణం నిండా జనం, ఇది మా ఖాళీ పెన్‌డ్రైవే అనుకుని ‘ఎస్’ నొక్కాను. పైగా దాని మీదే ఒక కార్డు డిజైన్ కాపీ చేశాను. రాత్రంతా ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికితే ఫొటోలు చాలావరకు దొరికాయి. పాటల ఫైల్ దొరికింది గానీ తెరిస్తే అంతా చెత్త అక్షరాలే. కార్డు డిజైన్ దాని మీద పడింది. మర్నాడు ఆ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్లింటికి వెళ్లి, నాయనమ్మ చెబుతుంటే సగం పేజీలు నేనే టైప్ చేసి ఇచ్చాను. మొదటిసారి గుర్తొచ్చిన చరణాలన్నీ రెండోసారి ఆమెకు గుర్తురాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను తమ్ముడూ.

నీ షాపుకు పనికొచ్చేది ఇంకొకటి. పేజ్‌మేకర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్ మీదే తెరిచి పనిచేయకు. ముందు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని అక్కడ తెరువు. మధ్యలో పెన్‌డ్రైవ్ కదిలితే ఫైల్ కరప్ట్ అవుతుంది. ప్రెస్‌కు ఇచ్చేటప్పుడు సేవ్ యాజ్‌లో ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ అన్నది ఎంచుకో. అప్పుడు లింక్ చేసిన బొమ్మలన్నీ ఫైల్‌తో పాటు వెళ్తాయి. లేకపోతే ప్రెస్‌లో తెరిచినప్పుడు వినాయకుడి బొమ్మ ఉండాల్సిన చోట మసకగా ఏదో కనబడుతుంది, నీకు ఫోన్ వస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా పాత 2 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఫోన్‌లో తీసిన ఫొటోలు కాపీ చేస్తున్నాను. ప్రతిసారీ 170 ఫొటోల దగ్గర ఆగిపోయి, ఫైల్ క్రియేట్ చేయడం కుదరదంటోంది. ఇంకా ఒక జీబీకి పైగా ఖాళీ ఉంది. ఎన్నిసార్లు చేసినా సరిగ్గా 170 దగ్గరే. పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందా?
– ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: సరిగ్గా 170 అని లెక్కపెట్టి రాశారు చూడండి, ఆ అంకె వల్లే కారణం దొరికింది. వైరస్ లేదు, పెన్‌డ్రైవ్ పాడవలేదు.

2 జీబీ, అంతకు తక్కువ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్16 అనే పాత పద్ధతిలో ఉంటాయి. అందులో డ్రైవ్ తెరవగానే కనబడే మొదటి చోట, అంటే ఏ ఫోల్డర్‌లోనూ లేకుండా బయట పెట్టే ఫైళ్ల కోసం, మామూలుగా 512 గడులు మాత్రమే ఉంటాయి. పేరు ఎనిమిది అక్షరాల్లోపు ఉంటే ఒక ఫైల్‌కు ఒక గడి చాలు. పేరు పొడుగైతే ప్రతి 13 అక్షరాలకు ఒక గడి అదనంగా కావాలి. మీ ఫోన్ ఫొటోల పేర్లు ఐఎంజీ అని మొదలై, వెనక తేదీ, సమయం అంకెలు కలిసి 23 అక్షరాలు ఉంటాయి. అంటే ఆ పేరుకు రెండు గడులు, మామూలుది ఒకటి, మొత్తం మూడు. 512ను మూడుతో భాగిస్తే 170. మీ పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉంది, పేర్లు రాయడానికే చోటు అయిపోయింది.

పెన్‌డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేసి, ఫొటోలన్నీ అందులోకి వేయండి. ఫోల్డర్ లోపల ఈ 512 హద్దు ఉండదు. దేన్నీ ఫార్మాట్ చేయనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియో 4.6 జీబీ ఒకే ఫైల్. మా పాత డెస్క్‌టాప్ నుంచి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి వేద్దామంటే డిస్క్‌లో చోటు లేదంటోంది. పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీగా ఉంది!
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఎక్స్‌పీ ఇక్కడ చెప్పే మాట తప్పుదారి పట్టిస్తుంది. చోటు ఉంది. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీకి మించి ఉండకూడదు, అసలు కారణం అది. ఆ వీడియోను ఇంకో కంప్యూటర్‌లోకి వేయడమే పనైతే, ఖాళీ పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ చేసుకోండి, లేదా సెవెన్ జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైల్‌ను ముక్కలు చేసి అక్కడ మళ్లీ కలుపుకోండి. టీవీలో చూడడానికైతే ఆ ముక్కలు ఆడవు. వీడియో తీసినవాళ్లనే ముహూర్తం ఒకటి, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటిగా విడివిడి ఫైళ్లు ఇమ్మని అడగండి. చూసుకోవడానికీ అదే సుఖం.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. ఆఫీసులో ఎక్స్‌పీ సిస్టమ్‌లో లెక్కలు రాస్తాం. రోజూ సాయంత్రం డేటా, బిల్లుల స్కాన్లు కలిపి ఓ 5 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటాను. ఇదివరకు పావుగంటలో అయ్యేది, నెల రోజులుగా గంటన్నర పడుతోంది. ‘ఈ పరికరం ఇంకా వేగంగా పనిచేయగలదు’ అని మూలన ఏదో మెసేజ్ వస్తోంది. పెన్‌డ్రైవ్ మార్చినా అంతే. ఇంకో తలనొప్పి, రోజూ పొద్దున సిస్టమ్ వేయగానే తేదీ వెనక్కి పోయి ఉంటోంది, సరిచేసుకోవాల్సి వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక గుమస్తా, తాడేపల్లిగూడెం

జవాబు: మీరు రెండు కష్టాలు రాశారు. నాకు ఒక్కటే కనబడుతోంది. సిస్టమ్ లోపలి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే చిన్న బ్యాటరీ అయిపోయింది.

ముందు వేగం సంగతి చూద్దాం. యూఎస్‌బీలో పాత రకం 1.1, ఆ తర్వాత 2000లో వచ్చినది 2.0. పాతదాని వేగం సెకనుకు 12 మెగాబిట్లు, అంటే చేతికొచ్చేది సెకనుకు సుమారు ఒక ఎంబీ. 5 జీబీ అంటే 5,120 ఎంబీ. సెకనుకు ఒకటి చొప్పున 85 నిమిషాలు, మీరు రాసిన గంటన్నర అదే. 2.0 వేగం 480 మెగాబిట్లు. దానిలో మామూలు పెన్‌డ్రైవ్ సెకనుకు ఆరు ఎంబీ రాసుకున్నా పావుగంటలో అయిపోతుంది. కాబట్టి నెల కిందటి దాకా మీ సిస్టమ్ 2.0లో నడిచింది, ఇప్పుడు 1.1కు దిగిపోయింది. ఆ మెసేజ్ చెబుతున్నది కూడా అదే.

ఎందుకు దిగింది? సిస్టమ్ ఆపినా తేదీని, బోర్డు సెట్టింగులను ఆ బ్యాటరీయే కాపాడుతుంది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ బోర్డు అన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగులకు పోతుంది. కొన్ని బోర్డుల్లో ఆ సెట్టింగుల్లో యూఎస్‌బీ 2.0 ఆఫ్‌లో ఉంటుంది, లేదా తక్కువ వేగంలో ఉంటుంది.

సిస్టమ్ ఆపి, కరెంటు వైరు పూర్తిగా ఊడదీసి, సీపీయూ పక్క రేకు తీయించండి. బ్యాటరీ మీద సీఆర్ 2032 అని ఉంటుంది, 3 వోల్టులది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. రాతలున్న వైపు పైకి ఉండేలా పెట్టాలి. మళ్లీ వేసినప్పుడు డిలీట్ బటన్ నొక్కుతూ బయోస్ అనే బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లి తేదీ సరిచేసి, యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి. దాని కింద మోడ్ అని ఉంటే హై స్పీడ్ పెట్టండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ‘ఫుల్ స్పీడ్’ అన్న మాట చూసి అదే ఎక్కువనుకుని ఎంచుకుంటారు. యూఎస్‌బీ లెక్కలో ఫుల్ స్పీడ్ అంటే ఆ పాత 12 మెగాబిట్లే.

ఇంకా మెసేజ్ వస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఎన్‌హాన్స్‌డ్ హోస్ట్ కంట్రోలర్ అన్న దాని మీద పసుపు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే బోర్డుతో వచ్చిన సీడీలోని డ్రైవర్ మళ్లీ ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌ను సీపీయూ వెనక ఉన్న పోర్టులో పెట్టండి. అవి నేరుగా బోర్డుకే అతికి ఉంటాయి. ముందువి సన్న వైరు మీద వస్తాయి, మిల్లు ఆఫీసులో తవుడు దుమ్ముకు వదులైపోతాయి. అసలు 2.0 లేని బోర్డు మీద పనిచేసే పాఠకులకు కూడా చెబుతున్నాను, పీసీఐ స్లాట్‌లో పెట్టే యూఎస్‌బీ 2.0 కార్డు వేయించుకోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత సామాన్లు అమ్మేవాళ్లను అడగండి.

బ్యాటరీ మార్చేదాకా మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. తేదీ వెనక్కి ఉన్న రోజు తీసిన బ్యాకప్ పాతదానిలా కనబడుతుంది. ‘కొత్తది ఉంచు, పాతది తీసేయ్’ అని తేదీ చూసి నిర్ణయిస్తే ఈరోజు లెక్కలు పోయి నెల కిందటివి మిగులుతాయి. రోజుకొక ఫోల్డర్ చేసి, దానికి తేదీ మీరే పేరుగా పెట్టండి. దేని మీదా దేన్నీ రాయకండి.

ప్రశ్న: అక్కా, ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. నా రిపోర్ట్ పోయినట్టేనా? ఎల్లుండే సబ్మిషన్.
– ఒక బీఎస్సీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: పోలేదమ్మా, ఏడవకు. ఇది షార్ట్‌కట్ వైరస్. నీ ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే వైరస్ నీ సిస్టమ్‌లోకి వస్తుంది. కాబట్టి ఒక్కదాన్నీ నొక్కకు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కింద హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టు, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ పక్కన ఉన్న టిక్ తీసెయ్. ఇప్పుడు లేతరంగులో నీ అసలు ఫోల్డర్లు కనబడతాయి. కొన్నిసార్లు అన్నీ కలిపి పేరు లేని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. లోపలున్న నీ రిపోర్ట్, బొమ్మలు మాత్రమే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. షార్ట్‌కట్‌లు, నువ్వు పెట్టనివి ఏవీ ముట్టుకోకు. నీ ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్న తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ను నిశ్చింతగా ఫార్మాట్ చేయి, ఈ ఒక్కసారికి ‘ఎస్’ నొక్కొచ్చు.

ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్ ఇలాంటి వాటికి పెద్ద దారి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చి దాన్ని కట్టేసింది గానీ, అప్‌డేట్లు ఎక్కని పాత సిస్టమ్‌లు షాపుల్లో ఇంకా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆటోరన్ ఆగుతుంది. ఇకమీదట షాపుకు ఒక్క పీడీఎఫ్ ఉన్న వేరే పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లు. నీ చదువంతా ఉన్నది బయట ఎవరి చేతికీ ఇవ్వకు.

ప్రశ్న: తక్కువ ధరకు వచ్చిందని 1 టీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. మా పాత సిస్టమ్ నుంచి కాపీ చేసిన పాటలు మొదట కొన్ని బాగానే వస్తున్నాయి, తర్వాతవి తెరుచుకోవు. పాత సిస్టమ్ వల్లేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సిస్టమ్ తప్పేమీ లేదు. అది చాలావరకు దొంగ పెన్‌డ్రైవే. లోపల ఏ 8 జీబీయో 16 జీబీయో ఉన్న దానికి 1 టీబీ అని చెప్పుకునేలా ప్రోగ్రామ్ రాస్తారు. ఆ కాస్త నిండాక రాసేదంతా ఎక్కడా నిలవదు, పేరు మాత్రం కనబడుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని నిండా రాసి, తిరిగి చదివి, నిజంగా ఎంత ఉందో చెప్పేస్తుంది. డ్రైవ్ ఖాళీ చేసి ల్యాప్‌టాప్‌లో నడపండి. అలాంటిదని తేలితే బిల్లు చూపించి డబ్బు వెనక్కి అడగండి. దాన్ని మాత్రం వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. సిస్టమ్‌లో పాటలు ఇంకా తీసేయకపోతే మీకు నష్టమేమీ లేదు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. 2000లో కొన్న కంప్యూటర్ మా ఇంట్లో ఉంది, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. మా ఊరి చరిత్ర, పెద్దలను అడిగి సేకరించిన సామెతలు, పిల్లలకు చెప్పిన పద్యాల వివరణలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో టైప్ చేసి పెట్టుకున్నాను. మనవడి ల్యాప్‌టాప్‌లోకి మార్చాలని ఉంది. పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ ఏదని అడుగుతోంది. సీడీ డ్రైవ్ పనిచేయడం లేదు. ఫ్లాపీలు బూజు పట్టాయి. నాకు 74 ఏళ్లు. నేనుండగానే ఇది జరగాలి.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సిద్దిపేట దగ్గరి పల్లె

జవాబు: నమస్కారం మాస్టారూ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ సిస్టమ్ ఇంకా ఆన్ అవుతోందంటే పని సగం అయినట్టే.

విండోస్ 98లో అన్ని పెన్‌డ్రైవ్‌లకూ పనికొచ్చే డ్రైవర్ లేదు. అప్పట్లో ఒక్కో కంపెనీ తన పెన్‌డ్రైవ్‌తో పాటు డ్రైవర్ సీడీ ఇచ్చేది. 2000లో వచ్చిన విండోస్ 2000, విండోస్ మీ నుంచి ఆ అవసరం తప్పింది. 98 కోసం అన్నిటికీ సరిపోయే డ్రైవర్లు తర్వాత కొందరు తయారుచేశారు గానీ, సీడీ, ఫ్లాపీ రెండూ లేని మీ సిస్టమ్‌లోకి ఆ డ్రైవర్‌ను తీసుకెళ్లడమే కష్టం. కాబట్టి పెన్‌డ్రైవ్ ఆలోచన వదిలేసి, హార్డ్‌డిస్క్‌నే ల్యాప్‌టాప్ దగ్గరికి తీసుకెళదాం.

మీ హార్డ్‌డిస్క్ ఐడీఈ రకం, వెనక వెడల్పాటి 40 పిన్నుల పట్టీ వైరు ఉంటుంది. దీన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ దొరుకుతుంది, ఐడీఈ టు యూఎస్‌బీ అని అడగాలి. దాంతో పాటు కరెంటు ఇచ్చే వేరే అడాప్టర్ ఉన్నదే తీసుకోమనండి. మీ డిస్క్‌కు 12 వోల్టులు కావాలి, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులే. అది లేకుండా కలిపి డిస్క్ పోయిందని ఏడ్చినవాళ్లను చూశాను.

మీ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. డిస్క్ విప్పకముందే, ప్రింటర్ ఉంటే, ముఖ్యమైన ప్రతి ఫైల్ నుంచి ఒక్కో పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. రేపు ల్యాప్‌టాప్‌లో అక్షరాలు సరిగా వచ్చాయో లేదో పోల్చుకోవడానికి అవి కావాలి. ప్రింటర్ లేకపోతే స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసినా చాలు. తర్వాత సిస్టమ్ ఆపి, వైరు ఊడదీసి, సీపీయూ రేకును ఒకసారి చేత్తో తాకి, అప్పుడు డిస్క్ విప్పమనండి. డిస్క్ వెనక పిన్నులకు తొడిగే చిన్న ముక్క, దాన్ని జంపర్ అంటారు, మాస్టర్‌లో ఉండాలి. అది ఎలా పెట్టాలో డిస్క్ మీది కాగితంపైనే బొమ్మ ఉంటుంది. మార్చాల్సి వస్తే మొదట ఎలా ఉందో ఫొటో తీసి పెట్టుకోమనండి.

98 వాడేది ఫ్యాట్32, అరుదుగా ఫ్యాట్16. రెండూ నేటి ల్యాప్‌టాప్ చదువుతుంది. అక్కడే ఏ ఫైలూ తెరవకండి. ముందు సి డ్రైవ్ మొత్తాన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అప్పటి డిస్క్ పదో ఇరవయ్యో జీబీలు ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు అది పెద్ద బరువు కాదు. అది అయ్యాక ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్లెవరి దగ్గరైనా. డిస్క్ నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తే వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఒకవేళ ల్యాప్‌టాప్ ఫార్మాట్ అడిగిందా, మీ మనవడి చేయి పట్టుకుని ‘నో’ నొక్కించండి.

పేజ్‌మేకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మీ ఫైల్ తెరిచినప్పుడు సామెతల బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడవచ్చు. భయపడకండి, ఏమీ పోలేదు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతిని యూనికోడ్ అంటారు. అను ఫాంట్లు అది వాడుకలోకి రాకముందు పద్ధతివి. ఫైల్‌లో దాగి ఉన్నవి ఇంగ్లీషు గుర్తుల సంకేతాలే, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని చోట లోపలి సంకేతాలు బయటపడతాయి. ఫాంట్ ఉంటే మీ తెలుగు మళ్లీ కనబడుతుంది. ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లున్నాయి. అవి ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పులు చేస్తాయి, ముఖ్యంగా పద్యాల్లో. వాటిని దిద్దడానికి మీకన్నా తగినవారు లేరు.

పని అయ్యాక డిస్క్‌ను తిరిగి పాత సిస్టమ్‌లోనే బిగించమనండి. పేజ్‌మేకర్, మీ చేతికి అలవాటైన కీబోర్డు అందులోనే ఉన్నాయి, దిద్దుబాట్లకు ఇంకా అవసరం పడతాయి. డిస్క్ బిగించే ముందు మాత్రం ల్యాప్‌టాప్‌లో ఒకసారి చూసుకోండి, విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అన్న ఫోల్డర్ కాపీ అయిందో లేదో.